ఫ్లైట్‌గేర్‌లో వరంగల్, హన్మకొండ బిల్డింగులు ఎలా కట్టాలి?

"ఫ్లైట్‌గేర్‌లో వరంగల్ మీదికి పోతే సగం చోట్ల ఖాళీ నేల, మిగతా సగంలో ఎక్కడో యూరప్ పల్లెలో ఉన్నట్టు వాలుకప్పుల ఇళ్లు. మన ఊరు మన ఊరిలా కనిపించాలంటే ఏం చేయాలి?" కంప్యూటర్‌లో విమానం నడిపించే సిమ్యులేటర్ ఫ్లైట్‌గేర్ వాడే చాలామంది ఈ ప్రశ్న అడుగుతున్నారు. దాని వెంటనే రెండోది కూడా వస్తుంది: "వేయిస్తంభాల గుడి త్రీడీ మోడల్ ఎవరైనా చేశారా?"

గుడి సంగతి పక్కన పెట్టండి. రెండు వేల అడుగుల ఎత్తు నుంచి చూస్తే అది చిన్న మచ్చలా కనిపిస్తుంది, అంతే. పైనుంచి ఊరిని గుర్తుపట్టేది చెరువులను, గుట్టలను, రైలు పట్టాలను, ఇళ్ల గుంపులను బట్టి. చెరువులూ గుట్టలూ మన చేతిలో లేవు, ఎందుకో కింద చెప్తాను. ఇళ్లు మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉన్నాయి. కాబట్టి ముందు మ్యాప్, తర్వాతే మోడల్.

అసలు ఇది పనిచేసే తీరు ఇంతే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ మ్యాప్‌లో మనలాంటి వాలంటీర్లు గీసిన బిల్డింగుల గీతలను ఓఎస్ఎంటూసిటీ అనే పైథాన్ ప్రోగ్రాం చదివి, ఒక్కో గీతను పైకి లేపి, గోడలకు, కప్పుకు బొమ్మ అతికించి ఫ్లైట్‌గేర్‌కు ఇస్తుంది. మీరు మ్యాప్‌లో ఏం రాస్తే సిమ్యులేటర్‌లో అదే లేస్తుంది. రాయనిది అది ఊహించుకుంటుంది, ఆ ఊహే మన కొంప ముంచుతోంది.

కావలసినవి

- ఫ్లైట్‌గేర్, ఇంటర్నెట్. సెట్టింగ్స్‌లో సీనరీ (కింద కనిపించే నేల, ఇళ్లు, రోడ్లు) ఆటోమేటిక్‌గా డౌన్‌లోడ్ అయ్యే ఆప్షన్ (టెర్రాసింక్) ఆన్‌లో ఉండాలి.
- ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అకౌంట్. ఉచితం.
- ఒక మౌస్. టచ్‌ప్యాడ్‌తో వంద ఇళ్లు గీస్తే మణికట్టు మాట్లాడుతుంది.
- సీనరీ మీరే కట్టుకోవాలనుకుంటే లినక్స్ ఉన్న కంప్యూటర్. విండోస్ వాళ్లకు డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే సదుపాయం) సరిపోతుంది.
- తోరణంలాంటి కట్టడం చేత్తో చేయాలనుకుంటే బ్లెండర్ (త్రీడీ మోడళ్లు చేసే ప్రోగ్రాం), మీరు స్వయంగా తీసిన ఫొటోలు.

ప్రోగ్రామింగ్ రాకపోయినా మొదటి మూడు అడుగులు ఎవరైనా చేయొచ్చు. నిజానికి ఊరికి ఎక్కువ మేలు జరిగేది అక్కడే.

1. ఇప్పుడేముందో చూడండి

కొత్త ఫ్లైట్‌గేర్‌లలో టెర్రాసింక్ నేలతోపాటు, అంతకుముందే కట్టి ఉంచిన బిల్డింగులను కూడా తెస్తుంది. లాంచర్‌లో (ఫ్లైట్‌గేర్ తెరవగానే వచ్చే కిటికీ) లొకేషన్ దగ్గర 17.97 ఉత్తరం, 79.59 తూర్పు ఇచ్చి మూడు వేల అడుగుల ఎత్తులో గాల్లోనే మొదలుపెట్టండి. విమానం ఏదైనా పర్లేదు కానీ "యూఫో" (ఎగిరే పళ్లెం) తీసుకుంటే హాయి. ఆగిన చోట ఆగుతుంది, కూలిపోదు.

ఏమీ కనిపించకపోతే కంగారు పడొద్దు. వ్యూ మెనూలో రెండరింగ్ ఆప్షన్స్ తెరిచి బిల్డింగులు, రోడ్లు ఆన్‌లో ఉన్నాయా చూడండి. "ర్యాండమ్ బిల్డింగ్స్" అనేది వేరే విషయం. నేల రంగును బట్టి సిమ్యులేటర్ తనకు తోచిన చోట చల్లే ఇళ్లవి, మన మ్యాప్‌తో వాటికి సంబంధం లేదు. రెండూ కలిసి కనిపిస్తుంటే ఏది మ్యాప్ నుంచి వచ్చిందో తెలియదు కాబట్టి పని చేసేటప్పుడు ర్యాండమ్‌ను ఆపేయండి.

కనిపించిన దాన్ని రెండు మూడు చోట్ల స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్థానం, ఎత్తు, దిశ రాసి పెట్టుకోండి. తర్వాత పోల్చుకోవడానికి ఇవే పనికొస్తాయి.

2. మ్యాప్‌లో ఇళ్లు గీయండి

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైట్‌లో ఉండే, బ్రౌజర్‌లోనే పనిచేసే ఐడీ ఎడిటర్ చాలు. ఒకే వీధి తీసుకోండి. ఊరంతా ఒకేసారి మొదలుపెడితే వారంలో విసుగొస్తుంది. నేనైతే విమానం దిగేటప్పుడు కిందకు వచ్చే చోటు నుంచి మొదలుపెట్టమంటాను. మామునూరు పాత ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఊళ్లు ఇందుకు సరిగ్గా సరిపోతాయి. నిజాం కాలం నాటి ఆ ఎయిర్‌పోర్టులో 1981 తర్వాత ప్రయాణికుల విమానాలు ఆగిపోయినా సిమ్యులేటర్‌లో దిగడానికి మనల్ని ఆపేవాళ్లెవరూ లేరు.

గీసే ముందు ఒక్క విషయం. శాటిలైట్ ఫొటో కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు. అదే ఎడిటర్‌లో జీపీఎస్ ట్రేసులు (జనం తిరిగిన దారుల గుర్తులు) ఆన్ చేసి, రోడ్డు మధ్యలో ఆ చుక్కలు పడుతున్నాయో లేదో చూసి, అవసరమైతే ఫొటోను జరపండి. ఈ పని చేయకుండా వంద ఇళ్లు గీస్తే వంద ఇళ్లూ రోడ్డు మీదికి వస్తాయి.

తర్వాత ఇల్లు. కప్పు అంచు మీద కాదు, నేలను తాకే చోట గీయాలి. ఫొటో ఏటవాలుగా తీసింది కాబట్టి ఎత్తైన అపార్ట్‌మెంట్ కప్పు పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది. కప్పు ఆకారం గీసి, దాన్నలాగే పట్టుకుని గోడ అడుగుకు జరపడం సులువు. నాలుగు మూలలు పెట్టాక క్యూ కీ నొక్కితే మూలలు లంబంగా సర్దుకుంటాయి.

వరంగల్ చౌరస్తా చుట్టూ గోడకు గోడ ఆనుకున్న దుకాణాలను ఒకే పెద్ద పెట్టెగా గీయొద్దు. అలా చేస్తే సిమ్యులేటర్‌లో బజారు బదులు ఒక గోదాము లేస్తుంది. ఒక్కో దుకాణం వేరే, పక్కదానితో మూల చుక్కలు పంచుకుంటూ. కంప్యూటర్ తానే గుర్తించిన బిల్డింగు గీతలను ఒక్క నొక్కుతో చేర్చే ఎడిటర్లు ఉన్నాయి. కొత్త కాలనీల్లో అవి బాగానే పనిచేస్తాయి, పాత బజార్లలో మాత్రం నమ్మొద్దు.

గూగుల్ మ్యాప్స్ చూసి కాపీ కొట్టొద్దు. లైసెన్స్ ఒప్పుకోదు, పట్టుబడితే మీ పనంతా తీసేస్తారు. ఎడిటర్ తానుగా చూపించే బింగ్‌లాంటి ఫొటోలు వాడుకోవచ్చు.

3. అంతస్తులు, కప్పు తప్పకుండా రాయండి

ఈ అడుగును దాటేసేవాళ్లే ఎక్కువ, ఊరు ఊరిలా కనిపించకపోవడానికి అసలు కారణం కూడా ఇదే.

"లెవెల్స్" అన్న గడిలో నేల అంతస్తును కూడా కలిపి రాయాలి. మనం జీ ప్లస్ టూ అంటే అక్కడ 3. చాలామంది 2 రాస్తారు, దాంతో నయీంనగర్ అంతా ఒక అంతస్తు పొట్టిదైపోతుంది. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్ కోసం వదిలిన స్తంభాల అంతస్తు కూడా ఎత్తులో భాగమే, లెక్కలోకి తీసుకోండి. పైన నీళ్ల ట్యాంకు, మెట్ల గది వదిలేయండి. ఎత్తు మీటర్లలో ఖచ్చితంగా తెలిస్తే "హైట్" గడిలో రాయొచ్చు. తెలియకపోతే ఖాళీగా ఉంచడమే మంచిది.

అంతస్తులు ఎలా తెలుస్తాయి? బండి మీద ఆ వీధిలో ఒక చుట్టు వేసి చూసి రావడమే. అది కుదరకపోతే ఫొటోలో నీడ పొడవును, పక్కనే ఉన్న తెలిసిన బిల్డింగు నీడతో పోల్చండి.

ఇక కప్పు. ప్రోగ్రాం దగ్గరున్న బొమ్మలు ఎక్కువగా యూరప్ ఇళ్లవి. మీరేమీ చెప్పకపోతే చిన్న ఇంటికి వాలుకప్పు పెట్టే అవకాశం ఎక్కువ. మన డాబా ఇళ్లకు "రూఫ్ షేప్" దగ్గర ఫ్లాట్ అని రాయండి. ఆ గడి కనిపించకపోతే "యాడ్ ఫీల్డ్" నొక్కి వెతకండి. ఎనుమాముల మార్కెట్ యార్డులో ఉండే షెడ్లలాంటి పెద్ద రేకుల కప్పులకు, వాలు రెండువైపులా ఉంటే గేబుల్డ్, ఒకవైపే ఉంటే స్కిలియన్. ఈ ఒక్క గడి నింపితేనే కాలనీ మొహం మారిపోతుంది.

మార్పులు సేవ్ చేసేటప్పుడు ఏ వీధి, ఏం చేశారు అన్నది ఒక వాక్యంలో రాయండి. ఇక్కడితో ఆగిపోయినా పర్లేదు. తర్వాత ఎవరు సీనరీ కట్టినా మీ ఇళ్లు అందులో ఉంటాయి. కానీ టెర్రాసింక్‌లో ఉన్నది పాత మ్యాప్‌తో కట్టింది. ఈరోజు గీస్తే రేపు అందులో కనిపించదు. ఆగలేకపోతే మీరే కట్టుకోవాలి.

4. మన ఊరు ఏ టైల్‌లో ఉందో తెలుసుకోండి

ఫ్లైట్‌గేర్ భూమిని ముక్కలు (టైల్స్) చేసి దాచుకుంటుంది. మన అక్షాంశాల్లో ఒక్కో ముక్క 0.125 డిగ్రీలు, అంటే ఉత్తర దక్షిణాలుగా దాదాపు 14 కిలోమీటర్లు. ఈ ముక్కలను ఒక్కో డిగ్రీకి ఒక్కో ఫోల్డర్‌లో పెడుతుంది.

తిరకాసంతా ఇక్కడుంది. భద్రకాళి గుడి 17.995 దగ్గర, వేయిస్తంభాల గుడి 18.004 దగ్గర. అంటే 18వ అక్షాంశ రేఖ ఆ రెండు గుళ్ల మధ్య నుంచి పోతుంది. కోట, వరంగల్ స్టేషన్, ఎన్‌ఐటీ, మామునూరు 17వ డిగ్రీ ఫోల్డర్‌లో 4250364 నంబరు టైల్‌లో ఉంటే, హన్మకొండ ఉత్తర భాగం 18వ డిగ్రీ ఫోల్డర్‌లో 4250372లో ఉంది. కాజీపేట దాటి పడమరకు పోతే 4250363.

"వరంగల్ వచ్చింది, హన్మకొండ సగంలో గీత గీసినట్టు తెగిపోయింది" అని వచ్చే ఫిర్యాదులన్నిటికీ జవాబు ఇదే. ఒక టైలే కట్టారు, లేదా ఒక ఫోల్డరే కాపీ చేశారు.

5. సీనరీ కట్టండి

కంప్యూటర్‌లో పైథాన్, ఓఎస్ఎంటూసిటీ, దానితోపాటు వచ్చే బొమ్మల డేటా, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దానికి పోస్ట్‌జీఐఎస్ ఎక్స్‌టెన్షన్, మ్యాప్‌ను అందులోకి ఎక్కించడానికి ఆస్మోసిస్ ఎక్కించుకోండి. ప్రతిదాని ఇన్‌స్టాలేషన్ దాని మాన్యువల్‌లో వివరంగా ఉంది, అదంతా ఇక్కడ తిరిగి రాయను. మన దగ్గర తడబడే చోట్లు మాత్రం చెప్తాను.

మ్యాప్ డేటాను జియోఫాబ్రిక్ అనే సైట్‌లో ఇండియా సదరన్ జోన్ ఫైలుగా దించుకోండి. అది రోజూ మారుతుంది కాబట్టి నిన్నటి మీ మార్పులు అందులో ఉంటాయి. మొత్తం దక్షిణ భారతాన్ని డేటాబేస్‌లోకి ఎక్కిస్తే మామూలు ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. ముందు ఆస్మోసిస్‌తో మన జిల్లా మేరకు కోసుకోండి.

ఓఎస్ఎంటూసిటీ సెట్టింగ్స్ ఫైలులో ఫోల్డర్ల దారులు ఇవ్వాలి: నేల సీనరీ ఎక్కడుంది, కట్టినది ఎక్కడ పెట్టాలి, బొమ్మల డేటా ఎక్కడుంది, నేల ఎత్తు కొలిచే ఎఫ్‌జీఎలెవ్ ప్రోగ్రాం ఎక్కడుంది. డేటాబేస్ పేరు, పాస్‌వర్డ్ కూడా. ఔట్‌పుట్‌కు మాత్రం కొత్త ఖాళీ ఫోల్డర్ ఇవ్వండి. టెర్రాసింక్ ఫోల్డర్‌నే ఇస్తే, అది తర్వాత అప్‌డేట్ అయినప్పుడు మీ పని ఊడ్చుకుపోతుంది.

హద్దులు పడమర, దక్షిణం, తూర్పు, ఉత్తరం వరుసలో, మధ్యలో అండర్‌స్కోర్లతో ఇవ్వాలి. మనకు: 79.5_17.875_79.625_18.125. ఇవి సరిగ్గా టైల్ అంచులు, రెండు డిగ్రీ ఫోల్డర్లూ ఇందులో వస్తాయి. కాజీపేట అవతల కూడా కావాలంటే మొదటి అంకెను 79.375 చేయండి.

ఒక హెచ్చరిక. ప్రోగ్రాం ప్రతి ఇంటి దగ్గరా నేల ఎత్తు అడుగుతుంది. అక్కడి నేల మీ డిస్క్‌లో లేకపోతే మైనస్ 9999 వస్తుంది, ఇళ్లు కట్టదు. కాబట్టి ముందుగా టెర్రాసింక్ ఆన్ చేసి ఆ ప్రాంతం మీద ఒక చుట్టు ఎగిరి రండి. లాగ్‌లో ఆ అంకె కనిపిస్తే ఇంకెక్కడా వెతకొద్దు, సంగతి ఇదే.

కట్టడం అయ్యాక లాంచర్‌లో యాడ్-ఆన్స్ పేజీలో అదనపు సీనరీ ఫోల్డర్‌గా మీ ఔట్‌పుట్ ఫోల్డర్‌ను చేర్చి ఫ్లైట్‌గేర్‌ను మూసి తెరవండి. చేర్చాల్సింది పై ఫోల్డర్‌ను, లోపలున్న బిల్డింగ్స్ ఫోల్డర్‌ను కాదు. ఈ పొరపాటుతో రోజంతా టెన్షన్ పడేవాళ్లు ఎంతమందో.

6. ఒక్క కట్టడం చేత్తో చేయాలనుకుంటే

మొదటి మోడల్‌గా గుడి పెట్టుకోవద్దు. కోటలోని కీర్తి తోరణం పెట్టుకోండి. రెండువైపులా జంట స్తంభాలు, వాటిపై ఒరిగిన బ్రాకెట్లు, పైన అడ్డదూలం. ఆకారం తేలిక, చూడగానే వరంగల్ అని తెలుస్తుంది, పైగా ఒక్కటి చేసి నాలుగు చోట్ల నిలబెట్టొచ్చు.

కోటకు వెళ్లి ముందు నుంచి, పక్క నుంచి, వీలైనంత దూరంలో నిలబడి జూమ్ చేసి ఫొటోలు తీయండి. దగ్గర నుంచి తీస్తే పైభాగం సన్నబడి కొలతలు తప్పుతాయి. ఎత్తు తెలిసిన ఫ్రెండ్‌ను స్తంభం పక్కన నిలబెడితే అతనే మీ స్కేలు. తోరణం ఎత్తు సుమారు 10 మీటర్లు రావాలి. డ్రోన్ జోలికి పోకండి, రక్షిత కట్టడం కాబట్టి అనుమతి కావాలి.

బ్లెండర్‌లో ఒక యూనిట్ అంటే ఒక మీటర్. స్తంభాలు, బ్రాకెట్లు, దూలం, దాని పైభాగం అన్నీ మామూలు పెట్టెలతోనే కట్టండి. హంసలు, మొగ్గలు ఒక్కొక్కటీ చెక్కుతూ కూర్చోవద్దు. అవి ఫొటోలో ఉన్నాయిగా, ఆ ఫొటోనే అతికించండి. బొమ్మ కొలతలు 256, 512, 1024 లాంటివి ఉండాలి. స్తంభాల అడుగును నేల కిందికి రెండు మీటర్లు దించండి, సిమ్యులేటర్ నేల ఏ కాస్త వాలినా కాళ్లు గాల్లో వేలాడవు.

ఎగుమతికి ముందు కంట్రోల్-ఏ తో స్కేలు ఖాయం చేయండి. అన్నీ ఎంచుకుని షిఫ్ట్-ఎన్ కొట్టి ముఖాలను బయటికి తిప్పండి. ఫ్లైట్‌గేర్ చదివే ఏసీత్రీడీ ఫార్మాట్‌లోకి మార్చే యాడ్-ఆన్‌ను కొత్త బ్లెండర్‌లో విడిగా ఎక్కించుకోవాలి.

7. నిలబెట్టండి

మీ సీనరీ ఫోల్డర్‌లో ఆబ్జెక్ట్స్ అనే ఫోల్డర్, అందులో పది డిగ్రీల ఫోల్డర్ (e070n10), అందులో 79-17 డిగ్రీ ఫోల్డర్ (e079n17) చేసి, మోడల్‌ను, దాని బొమ్మను అక్కడ పెట్టండి. పక్కనే 4250364 పేరుతో ఎస్‌టీజీ ఫైలు (ఏ మోడల్ ఎక్కడ నిలబడాలో చెప్పేది). ఒక్కో తోరణానికి ఒక్కో లైను: ఆబ్జెక్ట్ స్టాటిక్ అన్న మాట (పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్), ఫైలు పేరు, రేఖాంశం, అక్షాంశం, ఎత్తు, దిశ.

రేఖాంశం ముందు. ఫోన్ మ్యాపుల్లో అక్షాంశం ముందు వస్తుంది కాబట్టి అలాగే అతికిస్తే మీ కాకతీయ తోరణం ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర లేస్తుంది.

ఎత్తు సముద్ర మట్టం నుంచి మీటర్లలో. అడుగుల్లో ఇస్తే తోరణం మబ్బుల్లో ఉంటుంది. నిజమైన ఎత్తు కూడా వద్దు, సిమ్యులేటర్ నేల ఎత్తే కావాలి. యూఫోలో ఆ చోట క్లిక్ చేసి డి కీ నొక్కితే స్థానం, ఎత్తు, దిశ మొత్తం టెర్మినల్‌లో అచ్చవుతాయి.

దిశ దగ్గర జాగ్రత్త. ఇక్కడ రాయాల్సింది దిక్సూచి అంకె కాదు, 180 లోంచి దాన్ని తీసేయగా వచ్చేది. మైనస్ వస్తే 360 కలపండి. అసలు చిక్కేంటంటే తోరణాలు నాలుగు దిక్కులకు చూస్తాయి, ముందూ వెనకా ఒకేలా ఉంటాయి కాబట్టి లెక్క తప్పినా సరిగ్గానే కనిపిస్తాయి. అవి బాగున్నాయి కదా అని 30 డిగ్రీలు ఒరిగిన బిల్డింగును అదే లెక్కతో పెడితే అడ్డంగా తిరుగుతుంది. ముందు ఒక బాణం మోడల్ చేసి 30 డిగ్రీలకు పెట్టి పరీక్షించండి. మీ ఎగుమతిలో ఏ వైపు ఉత్తరమో కూడా దాంతోనే తేలుతుంది.

ఫలితం చెక్ చేసుకోవడం

మొదట రాసి పెట్టుకున్న స్థానాలకే వెళ్లి అదే ఎత్తు నుంచి మళ్లీ స్క్రీన్‌షాట్లు తీయండి. తర్వాత యూఫోను నేలకు దించి వీధిలో నడిపించండి. పైనుంచి దాక్కునే తప్పులు కింద దొరుకుతాయి.

- గోడ ఒకవైపు నుంచి కనిపించి ఇంకోవైపు మాయమైతే ముఖం తిరగబడింది, మళ్లీ షిఫ్ట్-ఎన్.
- మోడల్ మొత్తం తెల్లగా ఉంటే బొమ్మ ఫైలు దారి తప్పింది. ఏసీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి బొమ్మ పేరు ముందు మీ కంప్యూటర్ ఫోల్డర్ పేర్లు ఉంటే తీసేయండి.
- తోరణంలోంచి పెట్టె పొడుచుకు వస్తే, అదే చోట మ్యాప్‌లో బిల్డింగు గీత ఉంది. తోరణాన్ని ముందు పెట్టి, ఆ తర్వాత సీనరీ కడితే ప్రోగ్రాం ఆ చోటును వదిలేస్తుంది.
- చిన్న గదులు రాకపోతే అది తప్పు కాదు. బరువు తగ్గించడానికి ప్రోగ్రాం చిన్నవాటిని వదిలేస్తుంది.
- విమానం కుంటుతూ కదిలితే రోడ్ల వివరాలు తగ్గించి చూడండి. ముందే బిల్డింగుల మీద నింద వేయొద్దు.

భద్రకాళి చెరువు గీశాను, రాలేదేంటి అని అడిగేవాళ్లకు: ఓఎస్ఎంటూసిటీ నేలను ముట్టుకోదు. చెరువులు, గుట్టల ఎత్తులు వేరే డేటాతో ఎప్పుడో కట్టిన నేలలో ఉంటాయి. పద్మాక్షి గుట్ట మొండిగా కనిపించినా, ఇళ్లు నీళ్లలో నిలబడ్డా మ్యాప్‌ను వంచి సర్దే ప్రయత్నం చేయకండి. మ్యాప్ సిమ్యులేటర్ కోసమే లేదు, అంబులెన్సు డ్రైవర్ కూడా దాన్నే చూస్తాడు.

అందరికీ ఇవ్వాలంటే

కట్టిన ఇళ్ల ఫోల్డర్‌ను ఎవరికీ పంపనక్కర్లేదు, మ్యాప్‌లో ఉన్నదే అసలు. చేత్తో చేసిన తోరణాన్ని మాత్రం ఫ్లైట్‌గేర్ సీనరీ డేటాబేస్‌కు పంపొచ్చు. జీపీఎల్ (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోనిచ్చే) లైసెన్స్ కింద ఇవ్వాలి, కాబట్టి ఆకృతితోపాటు అతికించిన ప్రతి ఫొటో మీదే అయ్యుండాలి. నెట్‌లో దొరికిన ఒక్క స్తంభం ఫొటో ఉన్నా తిరిగొస్తుంది. ఏసీ ఫైలు, బొమ్మలు, 320 బై 240 సైజులో ఒక స్క్రీన్‌షాట్, స్థానం వివరాలు జత చేయండి. స్క్రీన్‌షాట్ బ్లెండర్‌ది కాకుండా సిమ్యులేటర్‌లో, మధ్యాహ్నం వెలుగులో తీసింది పెట్టండి.